మా నాయన కారవాన్‌లో రెండో టీవీ

కారవాన్ అంటే మీకు తెలియనిదేముంది! షూటింగు చూడ్డానికి వెళ్ళినప్పుడు మీరంతా ఒక్కసారైనా దాని తలుపు వంక ఆశగా చూసే వుంటారు. హీరోగారు దిగుతారు, షాటు చేస్తారు, మళ్ళీ ఎక్కేస్తారు. తలుపు మూసుకుంటుంది. మనం ఆ మూసిన తలుపునే చూస్తూ నిలబడతాం.

సినిమా పత్రికలకు రాసుకుని బతికేవాణ్ణి గనుక ఆ తలుపు దగ్గర మీకంటే కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. ఒకటి రెండుసార్లు లోపలికి పిలుపు కూడా వచ్చింది. మెత్తటి సోఫా, అద్దం చుట్టూ బల్బులు, చల్లటి ఏసీ, గోడకి టీవీ! వెనకటి తారలు చెట్టుకింద మడతకుర్చీ వేసుకుని, గొడుగు నీడన విసనకర్రతో విసురుకునేవారట. ఆ రోజులు పోయాయి లెండి.

ఇప్పుడు నేను చెప్పబోయే కారవాన్ ఏ నిర్మాతా అద్దెకి తెచ్చింది కాదు. అది గోరంట్లలో మా ఇంటి పెరట్లో, వేపచెట్టు కింద వుంది. అందులోని హీరో మా నాయన. (నవ్వకండి, మీసాలు చూస్తే మీరూ ఒప్పుకుంటారు!) ఆ కారవాన్‌కీ టీవీ వుంది. పెట్టింది నేనే. ఆ టీవీ కలపడానికి నేను పడ్డ పాట్లూ, కలిపిన తర్వాత మా ఇంట్లో జరిగినదీ... ఇదంతా 2022 నాటి సంగతి.

వేపచెట్టు కింద మెటడోర్

మా నాయన ముప్పై ఏళ్ళు బండి తోలాడు. మొదట ఎవరిదో లారీ. తర్వాత సొంత మెటడోర్. మా వైపు పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. రైతుల దగ్గర పట్టుగూళ్ళు ఎత్తుకుని రాత్రికి రాత్రి హిందూపురం మార్కెట్టుకో, అవతల కర్ణాటకలో రామనగరానికో చేర్చాలి. అదేనండీ, 'షోలే' చిత్రం తీసిన రామనగరం! గూళ్ళు నాలుగు రోజులు ఆలస్యమైతే లోపలి పురుగు చిలకై గూడు తొలుచుకుని బయటికి వచ్చేస్తుంది. ఇక ఆ గూటి నుంచి తెగని దారం రాదు. అందుకని పట్టుగూళ్ళ బండివాడికి పండగ లేదు, పబ్బం లేదు, రాత్రి నిద్ర అసలే లేదు. దొరికిన గంటసేపు బండిలోనే నడుం వాల్చడం.

షుగర్ వచ్చి, చూపు మందగించి, 2018లో నాయన బండి దిగాడు. ఇంజను అమ్మేశాడు. బండి డొక్కు మాత్రం అమ్మనన్నాడు. చక్రాలు తీసి నాలుగు బండరాళ్ళ మీద నిలబెట్టాడు. సీట్లు పీకేసి నులకమంచం వేశాడు. పగలు అందులో కూర్చుని దారిన పోయేవాళ్ళతో మాట్లాడేవాడు. రాత్రి ఇంట్లోకి వచ్చేవాడు.

కొన్నాళ్ళకి రాత్రి కూడా రావడం మానేశాడు.

"ముప్పై ఏండ్లు బండ్లో పండుకున్నోణ్ణి రా. ఇంట్లో నిద్ర పట్టదు" అన్నాడు నాతో.

అది పైకి చెప్పే మాట. అసలు కారణం టీవీ! మా ఇంట్లో టీవీ ఒకటి. చూసేవాళ్ళు ఇద్దరు. అమ్మకి సాయంత్రం ఆరున్నర నుంచి వరుసగా సీరియళ్ళు. నాయనకి పాత సినిమాలు. అందులోనూ మా ఉమ్మడి జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డిగారి చిత్రమంటే తిండి కూడా మర్చిపోయే మనిషి. రిమోట్ దగ్గర మొదలైన మాట ఒకరోజు ఎక్కడికో పోయింది. "సంపాదన నిలిచిపాయ గానీ పెత్తనం నిలవలే" అనేసింది అమ్మ. అన్న మరుక్షణమే నాలిక్కరుచుకుంది కూడా. కానీ మాట నోరు దాటిపోయింది. నాయన ఏమీ అనలేదు. దిండు, దుప్పటి తీసుకుని పెరట్లోకి నడిచాడు.

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా నేనే పోస్టుమేన్‌ని. "మీ నాయనకు సంగటి పెట్టినానని చెప్పు." "మీయమ్మను ఉప్పు తగ్గించమను." నేను హైదరాబాదులో వుంటే ఆ పోస్టు కూడా లేదు. పళ్ళెం బండి మెట్టు మీద పెట్టి అమ్మ వెనక్కి వచ్చేస్తుంది. కాసేపటికి ఖాళీ పళ్ళెం గడప దగ్గరికి వస్తుంది. అంతే.

ఇన్ని సినిమాలు చూసినవాణ్ణి, నాకో క్లైమాక్సు తట్టింది. రెండో టీవీ! ఎవరి తెర వాళ్ళకుంటే ఇక గొడవేముంది?

తెర నిండా చీమలు

ఇంట్లోకి గోడకి తగిలించే కొత్త టీవీ కొన్నాను. పాత డబ్బా టీవీని ఇద్దరం మనుషులం మోసుకెళ్ళి మెటడోర్‌లో దించాం. హిందూపురం వెళ్ళి స్ప్లిటర్ తెచ్చాను. చూశారు కదా, చిన్న రేకు బిళ్ళ, ఒకవైపు ఒక మూతి, రెండోవైపు రెండు మూతులు. వచ్చే కేబుల్ ఒక మూతికి బిగించు, పోయే రెండింటిని అటు బిగించు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

మా చిన్నప్పుడు అట్లాగే చేసేవాళ్ళు. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైన రోజుల్లో ఇంటింటికీ కేబుల్ మోజు. ఒక వైరుని చీల్చి రెండు టీవీలకి పెడితే ఇందులో ఒక చానల్, అందులో మరొకటి హాయిగా వచ్చేవి. బొమ్మ కాస్త మసకగా వుండేది, అంతే. స్ప్లిటర్‌లో పడ్డ సిగ్నల్ రెండు పాయలవుతుంది. ఒక్కో పాయకి సగం బలం కూడా పూర్తిగా దక్కదు. ఇంజనీర్ల లెక్కలో మూడున్నర డెసిబెల్ నష్టం.

నాయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను హీరోలా స్విచ్ వేశాను. తెర నిండా చీమలు! బర్రుమని మోత!

"ఇది ఏ సినిమా రా?" అన్నాడు నాయన.

కేబుల్ కుర్రాడు వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. "ఏ కాలంలో వుండావన్నా? ఇప్పుడు వైర్లో బొమ్మ తాళం వేసి వస్తాది. తాళంచెవి ఆ బాక్సులో వుంటాది" అన్నాడు.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. కేబుల్ ప్రసారాలని దేశమంతటా నాలుగు దశల్లో డిజిటల్‌కి మార్చారు. మనలాంటి చిన్న ఊళ్ళకి ఆఖరి గడువు 2017 మార్చి 31. అప్పట్నుంచీ సెట్‌టాప్ బాక్సు లేనిదే బొమ్మ లేదు. బాక్సుకి ముందు వైరుని చీలిస్తే రెండో టీవీకి రెండో బాక్సు కావాలి, దానికి నెలనెలా మళ్ళీ బాడుగ. బాక్సు తర్వాత చీలిస్తే రెండు టీవీల్లోనూ ఒకే బొమ్మ. మధ్యే మార్గం లేదు.

కాకి వాలే యాంటెన్నా

"కేబులు కాకపోతే పోనీ, మిద్దెమీద మన యాంటెన్నా వుంది గదా" అన్నాడు నాయన.

వుంది. అల్యూమినియం చువ్వల యాంటెన్నా, వంగిన ఇనప గొట్టానికి వేలాడుతూ. దాని చరిత్ర నాయనే చెప్పాడు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు, మా ఉమ్మడి జిల్లా ఇల్లూరు మనిషి. మా వైపు మనిషి మొదలుపెట్టిన టీవీ, మా ఊరికే కనబడదాయె! హైదరాబాదు మాకు నాలుగువందల కిలోమీటర్ల పైమాటే. బెంగుళూరు నూరు దాటితే వచ్చేస్తుంది. అక్కడ 1981 నవంబరు 1న కేంద్రం పెట్టారు. దాంతో ఇక్కడ ఎవరి మిద్దె మీద గొట్టం ఎంత ఎత్తుంటే వాళ్ళ ఇంట్లో అన్ని కన్నడ బొమ్మలు.

ఒక యాంటెన్నాకి రెండు టీవీలు పెట్టే ఘనులూ అప్పుడుండేవారట. రెండు తీగలూ కలిపి మెలేసి టేపు చుట్టేయడమే. ఫలితం? హీరో వెనకాల ఇంకో హీరో, నీడలాగా! కెమెరామెన్ చేసిన ద్విపాత్రాభినయం కాదది. తీగలు సరిగా జతపడకపోతే సిగ్నల్ కొంత వెనక్కి తిరిగి, ఆలస్యంగా మళ్ళీ టీవీకి చేరుతుంది. అదే దెయ్యపు బొమ్మ.

ఇప్పుడా దెయ్యం కూడా రాదు. 2022 మార్చి ముగిసేసరికి దేశంలో దాదాపు అన్ని పాత టవర్ల ప్రసారాలూ ఆపేశారు. మా యాంటెన్నా మీద ఇప్పుడు కాకులు వాలుతున్నాయి. పైగా మెటడోర్ ఇనప డొక్కు. లోపల చిన్న యాంటెన్నా పెట్టినా రేకు అడ్డుకుంటుంది.

మరి డిష్ గొడుగు? దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ వుంది గదా, నెల బాడుగ లేదు! తెచ్చి మెటడోర్ నెత్తిన పెడదామనుకున్నాను. అయితే ఆ ఉపగ్రహం మా ఊరికి ఆగ్నేయ దిక్కున, నడినెత్తికి కొంచెం కిందగా వుంటుంది. గొడుగుకీ ఆకాశానికీ మధ్య ఆకు కూడా అడ్డం రాకూడదు. మాకు సరిగ్గా అక్కడే వేపకొమ్మ!

"కొమ్మ కొట్టేద్దాం నాయనా" అన్నాను.

నాయన నావంక అదోలా చూశాడు. "నీడ కావాలని బండి చెట్టు కింద పెట్టుకుంటి. టీవీ కోసం చెట్టు కొడతావా?"

ఏం చెప్తాం!

జిల్లుమంది!

చివరికి ఆ కేబుల్ కుర్రాడే దారి చూపాడు. సెట్‌టాప్ బాక్సు వెనక్కి తిప్పి చూస్తే ఒక వెడల్పాటి రంధ్రం, పక్కన పసుపు, తెలుపు, ఎరుపు గుండ్రటి రంధ్రాలు. వెడల్పుది కొత్త టీవీకి. రంగులవి పాత టీవీకి. మా బాక్సులో రెండూ ఒకేసారి పనిచేస్తాయి. పసుపులో బొమ్మ, తెలుపు ఎరుపుల్లో శబ్దం. ఇంటి నుంచి మెటడోర్‌కి ఇరవై మీటర్లు. బజారులో దొరికే సన్నటి తీగలు అంత దూరానికి బొమ్మని తినేస్తాయి. అందుకని బొమ్మకొకటి, శబ్దానికొకటి మందపాటి కేబుల్ వైరు వేసి, చివర్లకి పిన్నులు బిగించాం. పాత టీవీకి ఒక్క స్పీకరే గనుక ఎరుపు జోలికి పోలేదు.

కరెంటుకి ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగాను. రెండు పిన్నులది. అదే నా తెలివి! సాయంత్రం సన్నటి తుంపర పడింది. ఉత్తకాళ్ళతో వెళ్ళి బండి తలుపు పట్టుకున్నాను. మోచేతి దాకా జిల్లుమంది!

అప్పుడు తెలిసింది నేనెంత పని చేశానో. ఇనప డొక్కులో ఎక్కడ తీగ ఒరుసుకున్నా, టీవీలోంచి కాస్త కరెంటు లీకైనా డొక్కంతా కరెంటే. అందులో పడుకునేది షుగరున్న ముసలాయన! ఆ రాత్రికి ప్లగ్గు పీకేశాను. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. మూడు పిన్నుల బోర్డు వేయించి, భూమిలో కడ్డీ దింపి, డొక్కుకి ఎర్త్ కట్టించాను. లీకయితే తనంతట తాను పడిపోయే స్విచ్ పెట్టించాను. రేకుకి కన్నం వేసిన చోట తీగ కోసుకుపోకుండా రబ్బరు తొడిగాం. లోపలికి వెళ్ళేముందు తీగని కొంచెం కిందికి వేలాడదీశాం, వాననీరు తీగ వెంట లోపలికి పాకకుండా అక్కడే బొట్టుబొట్టుగా రాలిపోతుంది. ఉరుములొస్తే అన్నీ పీకేయమని నాయనకి మరీ మరీ చెప్పాను. మీలో ఎవరైనా ఇలాంటి సాహసం చేస్తే ఈ ఒక్క పేరా మాత్రం మర్చిపోకండి. మిగతాది తప్పయితే చీమలు కనిపిస్తాయి, ఇది తప్పయితే మనిషే పోతాడు.

మర్నాటి సాయంత్రం ఆరున్నరకి స్విచ్ వేశాను. బ్రహ్మాండంగా బొమ్మ వచ్చింది! రంగులూ, శబ్దమూ, అన్నీ. కాకపోతే...

"ఇదేమి రా!" నాయన కేక పెట్టాడు. "బండ్లోకి వచ్చినా ఈ కోడలే ఏడుస్తాంది!"

మరి బాక్సు ఒక్కటే కదా. అది అమ్మ దగ్గర. రిమోటూ అమ్మ దగ్గరే. అమ్మ ఏం చూస్తే నాయనా అదే చూడాలి.

కేకల సంసారం

"మార్చమని చెప్పు మీయమ్మకు."

"ఇంగా పది నిమిషాలుందని చెప్పు మీ నాయనకు."

రెండు రోజులు పెరట్లో అటూ ఇటూ పరిగెత్తాను. మూడో రోజు హైదరాబాదు బయల్దేరుతూ, "వచ్చే నెల రెండో బాక్సు తెస్తా, అందాకా ఓర్చుకోండి" అన్నాను.

నేను వెళ్ళిపోయాక పోస్టుమేన్ లేడు. తెర మాత్రం ఒకటే. ఇక గత్యంతరమేముంది? నాయన బండిలోంచి నేరుగా కేకేశాడట. "ఏమే, మార్చవా?" అమ్మ కిటికీలోంచి బదులు చెప్పిందట. "ఆగయ్యా, అత్త ఇప్పుడే తలుపు తీసింది!" నెలల తర్వాత ఇద్దరూ ఆడుకున్న మొదటి మాటలు ఇవేనండీ!

నేను ఫోను చేసినప్పుడల్లా కొత్త వార్త. తొమ్మిది దాకా సీరియళ్ళు, తొమ్మిది తర్వాత సినిమా అని ఒప్పందం కుదిరింది. తొమ్మిది కొట్టగానే నాయన "తొమ్మిదయింది!" అని కేకేస్తాడు, అమ్మ మారుస్తుంది. ఒకరోజు అమ్మ చెప్పింది, "మీ నాయన ఆ కోడలి పక్షం రా. అత్తదే తప్పంటాడు." ఇంకోరోజు నాయన అన్నాడు, "మీయమ్మ రాత్రి 'గుండమ్మ కథ' కడదాకా చూసింది. నిద్రపోలే!"

నేను నవ్వుకున్నాను. రెండో బాక్సుకి డబ్బు మాత్రం కట్టేశాను. ఇచ్చిన మాట మాటే కదా.

ఆ నవంబరులో ఒక రాత్రి. తొమ్మిదయింది. సీరియల్ అయిపోయింది. పెరట్లోంచి కేక రాలేదు.

అమ్మ కాసేపు చూసింది. తనే సినిమా పెట్టింది. అప్పుడైనా "ఊఁ" అంటాడేమోనని చెవి అటే పెట్టింది. ఏమీ లేదు. బండిలో టీవీ శబ్దం మాత్రం వినిపిస్తోంది. టార్చిలైటు తీసుకుని వెళ్ళింది.

నాయన మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. మాట ముద్దగా వస్తోంది. సాయంత్రం షుగర్ మాత్ర వేసుకుని, ఆకలి లేదని సంగటి ముట్టలేదు. పళ్ళెం అట్లాగే మెట్టు మీద వుంది. చీకట్లో అమ్మ గమనించలేదు. గబగబా లోపలికి పరిగెత్తి చక్కెర నీళ్ళు కలిపి తెచ్చి, గుటకలు గుటకలుగా తాగించింది. పక్కింటివాళ్ళ ఆటోలో హిందూపురం తీసుకెళ్ళారు. షుగర్ బాగా పడిపోయిందనీ, వెంటనే చక్కెర నీళ్ళు పట్టడం మంచిదైందనీ చెప్పారు డాక్టరుగారు.

మర్నాడు నేను బస్సు దిగేసరికి నాయన ఇంటికి వచ్చేశాడు. నా సంచిలో రెండో బాక్సు వుంది.

దాన్ని తీసి మంచం మీద పెట్టాను. ఇద్దరూ దాని వంక చూశారు. ఎవరూ ముట్టుకోలేదు.

"నెలనెలా దీనికి బాడుగ ఎవడు కట్టేది? వాపసు ఇచ్చేయ్" అన్నాడు నాయన.

"నేను కడతా నాయనా."

"నీ దుడ్లు జాస్తి అయినాయా? వద్దంటే వద్దు."

అమ్మ వంక చూశాను. అమ్మ కొంగుతో టీవీ తుడుస్తోంది. "ఆయప్ప చెప్పినాడు గదా, ఇచ్చేయ్" అంది.

ప్రియదర్శిని

'మాయాబజార్' మీరంతా చూసే వుంటారు. 1957 నాటి చిత్రం. అందులో ప్రియదర్శిని అనే పెట్టె వుంటుంది. మూత తీసి చూస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు! దూరదర్శన్ మన తెలుగునాట అడుగుపెట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే, మా తాడిపత్రి మనిషి వెండితెర మీద పెట్టిన టీవీ అది. ఎవరి బొమ్మ వాళ్ళకి చూపించే టీవీ. నేను మా ఇంటికి తేబోయిందీ అదే. బాక్సు వాపసు ఇచ్చేశాను.

దాని బదులు ఇంకో వస్తువు తెచ్చాను. తీగ లేని కాలింగ్ బెల్లు. మీట బండిలో నాయన తలగడ దగ్గర, గంట ఇంట్లో. ఒంట్లో నలతగా వుంటే నొక్కమని చెప్పాను. నాయన బుద్ధిగా తలూపాడు. ఆ రాత్రే నొక్కాడు. నేనూ అమ్మా గుండెలు చేత్తో పట్టుకుని పరిగెత్తాం.

"తొమ్మిదయింది!" అన్నాడు.

ఆ సంక్రాంతికి మా ఊళ్ళో వున్నాను. టీవీలో 'మాయాబజార్' వేశారు. అమ్మ ఇంట్లో, నాయన బండిలో. నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని మధ్యలో. వెనకటి తారల్లాగా! ఇటు నుంచీ అటు నుంచీ ఒకే పాట వినిపిస్తోంది. ప్రియదర్శిని ఘట్టం వచ్చింది. "ఏమే, నువ్వు మూత తీస్తే ఎవురు కనపడతారు?" బండిలోంచి కేక. కాసేపు ఇంట్లోంచి బదులు లేదు. తర్వాత, "ఆ కోడలే!" అంది అమ్మ. బండిలో నాయన నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు.

హీరోలారా, హీరోయిన్లారా, మీ కారవాన్‌ల తలుపులు మూసుకోండి. మీ ఇష్టం. మా నాయన కారవాన్ తలుపు మాత్రం రాత్రిళ్ళు తెరిచే వుంటుంది. మూస్తే కేక వినబడదు మరి!